ఐదు నిమిషాలకోసారి ఊడ్చిన మెమరీ

మా రేవు ఆఫీసులో కాగితం లెక్కలు మాన్పించి కంప్యూటర్ పెట్టించింది నేనే. ఓడకెక్కే ఉక్కు కాయిల్స్ బరువులు చూసి, ఏది ఏ అరలో ఉండాలో లెక్క కట్టడం నా పని. చదివింది పదో తరగతి, మిగతాది సొంతంగా నేర్చుకున్నాను. అంకె ఏదైనా కిందికి జారుతుంటే నాకు కూర్చోబుద్ధి కాదు.

ఆ వారం జారిన అంకె తెర మీద ‘ఖాళీ మెమరీ’. పొద్దున సగం ఉండేది, పదకొండుకల్లా సున్నాకి దగ్గర. ఐదు నిమిషాలకోసారి మెమరీని ఊడ్చేసే ఆదేశం ఒకటి వెతికి పెట్టాను. ఊడ్చినప్పుడల్లా అంకె పెరిగేది, నాకు ఊపిరాడేది. కంప్యూటర్ మాత్రం నత్తనడక పట్టింది.

ఆ రోజు మూడు గంటల సముద్రపు పోటుకి ఓడ కదలాలి. ఒంటి గంటకి కెప్టెన్ రెండు అరల బరువు మళ్ళీ సర్దమన్నాడు. నా లెక్క వెళ్తేనే చివరి కాయిల్స్ ఎక్కుతాయి. ఒక్కో మార్పుకీ కాయిల్స్ ఫైలు మొత్తం మళ్ళీ చదవాలి. చదవడానికి నాలుగు నిమిషాలు. లేచాను, కూర్చున్నాను, మళ్ళీ లేచాను.

మా మేస్త్రీ గుమ్మంలోకి వచ్చాడు. “ఏటి బావా, నీ డబ్బా ఇంకా నిద్దరోతందా? మావోళ్ళు క్రేన్ కింద నిలబడి సూత్తన్నారు.”

“చదువుతోంది.”

“ఏటి సదువుతాది, పరీచ్చా? నాను అప్పుడే సెప్పాను, కాయితమ్మీద ఏసీమని. పోటు నీకోసం ఆగదు బావా!”

కంప్యూటర్‌దే తప్పని నిరూపించడానికి ప్రతి చదువుకీ పట్టిన సమయం ఒక కాగితం వెనక రాస్తూ వచ్చాను. ఎక్కువగా నాలుగు నిమిషాలే. అక్కడక్కడా తొమ్మిది సెకన్లు! అదే ఫైలు, అదే డిస్కు. పక్కనే గడియారం వేళలు రాసి చూశాను. నాలుగు నిమిషాలవన్నీ నేను ఊడ్చిన తరవాత మొదటివి.

డిస్కు నుంచి ఒకసారి కష్టపడి చదివిన ఫైలుని, మళ్ళీ అడుగుతారని కంప్యూటర్ మెమరీలోనే ఉంచుకుంటోంది. నేను దాన్ని చెత్తనుకుని పారబోస్తున్నాను. ఖాళీ పక్కనే ‘అడిగితే ఇవ్వగలిగింది’ అని ఇంకో గడి ఉంది. దాని వివరణ చదివాను. వేరే పనికి చోటు కావలసివస్తే ఆ ఫైళ్ళను కంప్యూటరే వదిలేస్తుందట. ఖాళీ పెరిగినా తరిగినా ఆ అంకె పెద్దగా కదలడం లేదు. గడులన్నీ సరిచూసే నేను ఆ గడే చూడలేదు.

ఊడ్చే ఆదేశం తీసేశాను. మొదటి చదువు నాలుగు నిమిషాలు. తరవాతివన్నీ తొమ్మిదేసి సెకన్లు. ఏడో మార్పుకి బరువులు కుదిరాయి. రెండుంపావుకి కాగితం మేస్త్రీ చేతిలో పెట్టాను.

మూడు దాటాక కిటికీలోంచి ఓడ కదలడం కనిపించింది. తెర మీద ఖాళీ దాదాపు సున్నా. చెయ్యి ఊరుకోక కీబోర్డు మీదికి పోతుంటే, చిన్న కాగితం చింపి ఆ గడి మీద అంటించాను.

మేస్త్రీ తిరిగొచ్చి చూశాడు. “ఏటి బావా, డబ్బాకి దిష్టా?”

“నా దిష్టే,” అన్నాను.