ఎడమచేతి కొడవలి

మా మావగారు పోయి నెలయింది. బందరు ఆసుపత్రి నుంచి ఫోనొచ్చిందని ఎస్టీడీ బూత్ ఆయన మా గుమ్మందాకా వచ్చి చెప్పాడు. ఆ శనివారం మా పెరట్లో సానరాయి తడవలేదు.

గూడూరు దగ్గర మా ఊళ్ళో ఉప్పుగాలికి ఇనుము ఊరికే తుప్పు పడుతుంది. ప్రతి శనివారం మధ్యాహ్నం మావగారు బోరింగు గట్టు మీద కూర్చుని కొడవళ్ళు, బొరిగెలు వరసగా పెట్టుకునేవారు. ఆదివారం చర్చి, ఆ రోజు పనిముట్టు ముట్టేవారు కాదు. నూరడమయ్యాక గోటి మీద పదును ఆనించి చూసేవారు. జారితే మళ్ళీ మొదలు. "బలం పెడుతున్నామంటే పదును లేనట్టే," అనేవారు.

ఆయన గురించి మీకు చెప్పాలంటే ఈ సంగతే చెప్పాలి. నాది పుర్రచెయ్యి. అత్తగారి ఎదుట ఎడమచేత్తో పనిచేయొద్దని మా అమ్మ చెప్పి పంపింది. కాపురానికొచ్చిన కొత్తలో కుడిచేత్తో గడ్డి కోయబోయి రెండుసార్లు వేళ్ళు కోసుకున్నాను.

"నీకెందుకొచ్చిన పనమ్మా, లోపలికెళ్ళి బియ్యం ఏరుకో," అన్నారు అత్తగారు. ఆ ఇంట్లో నాకు నచ్చిన చోటు పెరడొక్కటే. అదీ పోయేలా ఉంది.

మావగారు చూశారు. "ఎడం చేత్తో కొయ్యమ్మా," అన్నారు.

కోశాను. కొడవలి గడ్డి మీద జారిపోయింది.

"నాకు రాదు మావయ్యగారూ."

"నీ చెయ్యి బాగానే ఉంది. దీని వాలు కుడిచేతికి తీశారు, అంతే."

మా కొడవళ్ళకు పదును ఒకవైపే తీస్తారు. కోసేటప్పుడు ఆ వాలు పైకుండాలి. చెయ్యి మారితే కిందికెళ్తుంది, అంచు గడ్డిని పట్టకుండా జారుతుంది. ఆయన పాత వాలు ఆకురాయితో అరగదీసి, రెండోవైపు కొత్తది తీశారు. మూడు శనివారాలు పట్టింది. కొడవలి సన్నబడింది.

"లక్షణమైన కొడవలి చెడగొట్టారు," అన్నారు అత్తగారు.

"నీకు నాలుగున్నాయి కదా. అమ్మాయికి ఒకటుండనీ."

ఆ ఏడే గోంగూర మడి నా చేతికొచ్చింది. అత్తగారు మాత్రం ఆ కొడవలిని పదేళ్ళూ ముట్టలేదు.

మొన్న శనివారం ఆవిడే గట్టు మీద కూర్చుని అన్నీ నూరారు. నాది తీసుకుని, "దీని వాలెటు?" అని అడిగి, చూపించిన వైపే నూరారు. నెలగా ఎవరూ కోయక గడ్డి మోకాలెత్తు పెరిగింది. పదును చూద్దామని కుడిచేత్తో ఒక దుబ్బు మీద వేశారు. జారింది. మళ్ళీ వేశారు. మళ్ళీ జారింది.

"ఇట్లాగే ఉండేదా నీకు?"

"అవునండీ."

"నోరు లేదా? చెప్పొచ్చుగా!"

తడి ఆరని కొడవలి అలుగును తాను పట్టుకుని, పిడిని నా ఎడమచేతి వైపు తిప్పి అందించారు.