కొటేషన్ గుర్తుల మధ్య మాట

అది 2018. తార్నాక మీదుగా మెట్రో తిరగడం మొదలై ఏడాది కావస్తున్న రోజులు. స్టేషన్ దగ్గరి సందులో నా థీసిస్ టైపింగ్ షాపు. రెండు కంప్యూటర్లు, ఒక ప్రింటర్, నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు. యూనివర్సిటీలో పరిశోధన చేసే పిల్లలు పెన్‌డ్రైవ్‌లు పట్టుకుని తమ వంతు కోసం కూర్చునేవారు. హబ్సిగూడ నుంచి ఇడ్లీ పొట్లాలు తెచ్చుకుని నా బల్ల మీదే తినేవారు. ఆ సందడి తలచుకుంటే ఇప్పటికీ షాపు నిండుగా ఉన్నట్టే అనిపిస్తుంది.

నేను చదివింది ఇంటర్ వరకే. ఇంగ్లీషు నేర్చుకున్నది విద్యానగర్ గ్రంథాలయంలో. అక్కడున్న వ్యాకరణ పుస్తకాలు మూడు, మూడూ మూడేసి సార్లు చదివాను. వాటిలో నాకు ఇష్టమైన అధ్యాయం జెరండ్. క్రియకు ‘ఇంగ్’ చేరి నామవాచకంలా నిలబడే మాట అది. మనం ‘ఆమె వెళ్లడం’ అని ఊరుకుంటాం. ఇంగ్లీషు మాత్రం, పద్ధతైన రాతలో, ‘హర్ గోయింగ్’ అంటుంది, వెళ్లడాన్ని కూడా ఆమె సొత్తు చేస్తుంది. ‘మదర్స్ ఇన్సిస్టెన్స్ ఆన్ సెండింగ్’ అంటే, పంపాలన్న తల్లి పట్టుదల. ముందు తల్లి, తర్వాత పట్టుదల, దాని వెనక ‘ఆన్’ అనే చిన్న ప్రిపొజిషన్, చివర పంపడం. రైలు డబ్బాల్లా ఒకదానికొకటి తగులుకుంటాయి. ఏ మాట పక్కన ‘ఆన్’ రావాలో, ఎక్కడ ‘టు’ రావాలో నోటుబుక్కులో రాసుకుని కంఠతా పట్టాను. ఎంఏ చేసినవాళ్ల తప్పులు కూడా దిద్దేవాణ్ని. ‘అన్న చేతిలో పడితే థీసిస్ ఒడ్డెక్కినట్టే’ అని వాళ్లంటే తియ్యగా ఉండేది.

స్వరూప ఎడ్యుకేషన్ విభాగంలో పీహెచ్‌డీ విద్యార్థిని. ఊరు జనగామ వైపు. కూలికి పోతూ ఆడపిల్లలను చదివించిన పధ్నాలుగు మంది తల్లుల మీద ఆమె పరిశోధన. వాళ్లు తెలుగులో చెప్పింది ఫోన్‌లో రికార్డు చేసి, ఇంగ్లీషులోకి మార్చి, వాళ్ల మాటలుగా కొటేషన్ గుర్తుల మధ్య పెట్టింది. సొంత కంప్యూటర్ లేదు. లైబ్రరీలో టైపు చేసి పెన్‌డ్రైవ్‌లో తెచ్చింది. నేను చేయాల్సింది మార్జిన్లు, పేజీ నంబర్లు, విషయసూచిక. అంతే.

గడువు అప్పటికే ఒకసారి పొడిగించారు. మర్నాడు సాయంత్రం ఐదుతో అదీ అయిపోతుంది. దాటితే రిజిస్ట్రేషన్ రద్దు. ఐదేళ్ల పని పోతుంది.

ఆ రోజు పొద్దున్నే ఆమె ప్రూఫ్ చూడటానికి వచ్చింది. నాలుగో అధ్యాయం దగ్గర ఆగిపోయింది.

“అన్నా, గిదేంది?”

“తల్లుల మాటలల్ల తప్పులుండె చెల్లె. సరిచేసిన.”

“గీ వాక్యం మా అమ్మది.”

పధ్నాలుగు మందిలో ఒకరు ఆమె తల్లి అని నాకు అప్పుడే తెలిసింది. నేను దిద్దిన వాక్యం ఇది: ‘మై హస్బెండ్స్ అబ్జెక్షన్ టు మై సెండింగ్ హర్ టు స్కూల్ డిడ్ నాట్ డిటర్ మీ.’ ఆమెను నేను బడికి పంపడం మీద నా భర్త అభ్యంతరం నన్ను ఆపలేదు, అని. నా లెక్కలో అందులో వేలు పెట్టడానికి సందు లేదు.

“ఇంగ్లీషు మంచిగనే ఉన్నది గదా,” అన్నాను.

“మంచిగనే ఉన్నది. మా అమ్మ గిట్ల మాట్లాడేదుంటే, పీహెచ్‌డీకి నేనెందుకు వస్త, ఆమెనే పంపుతుంటి.”

నవ్వబోయి ఆగాను. ఆమె మూడో అధ్యాయం తెరిచి ఒక వాక్యం మీద వేలు పెట్టింది. తల్లుల మాటలను వాళ్లు మాట్లాడిన తీరులోనే ఉంచాను, సాఫు చేయలేదు, అని అక్కడ రాసుకుంది. పరిశోధన నడిపించే గైడ్ దానికి ఒప్పుకుని సంతకం పెట్టారు. నా దిద్దుబాటుతో ఆ మాట అబద్ధమైంది.

“పాత ఫైలు తీయి అన్నా.”

పాత ఫైలు లేదు. మార్పులు ఎర్రగా కనబడేలా ఉంచే ట్రాక్ చేంజెస్ అనే ఏర్పాటు ఉంటుంది. నా మీద నాకున్న నమ్మకంతో అది పెట్టలేదు. దిద్దింది ఆమె పెన్‌డ్రైవ్‌లోని అదే ఫైలు మీద. పెన్‌డ్రైవ్ తీసి ఆమె ముందు పెట్టాను. ఆమెకు అర్థమైంది.

“రికార్డింగులు ఫోన్ల ఉన్నయి. షట్టర్ సగం దించు. గిరాకీని పంపెయ్యి,” అంది.

పొద్దున తొమ్మిదిన్నర నుంచి సాయంత్రం ఆరు దాకా కూర్చున్నాం. ఆమె ఒక్కొక్క గొంతూ వినిపించి ఇంగ్లీషు చెప్పేది, నేను కొట్టేవాణ్ని. వెనక కోళ్లు, పంపుసెట్టు, ఎవరో పిలుస్తున్న కేకలు. ఆమె తల్లి గొంతు తొమ్మిదోది. “దాన్ని బడికి తోలుడు మా ఆయనకు ఇష్టం లేకుండె. అయినా తోలిన,” అని ఆగింది. తర్వాత చాలాసేపు ఏమీ లేదు, ఊపిరి మాత్రమే వినబడింది. మళ్లీ, “తోలిన,” అంది.

“రెండోసారి కూడా రాయాల్నా?” అని అడిగాను.

“రెండుసార్లు అన్నది గదా.”

నా చేత్తోనే ఆ పొడవాటి వాక్యాన్ని చెరిపేసి, మూడు పొట్టి వాక్యాలు కొట్టాను. చివరి రెండూ, పంపింది ఎవరినో చెప్పే ‘హర్’ లేకుండానే, ఇలా: ‘స్టిల్ ఐ సెంట్. ఐ సెంట్.’

మర్నాడు నల్లకుంటలో బైండింగ్ చేయించి, నాలుగుంపావుకు యూనివర్సిటీ కౌంటర్‌లో ఇచ్చింది. నేను బయట మెట్ల దగ్గర నిలబడ్డాను. రసీదు చూపించి, “పాసయిన తర్వాత తిడత, ఇప్పుడు ఓపిక లేదు,” అంది.

తిట్టలేదు. కొన్ని నెలలకు వైవాకు పిలిచింది. వైవా అంటే పరిశీలకుడు అందరి ముందు ప్రశ్నలడిగే సభ. నేను చివరి వరుసలో కూర్చున్నాను. వేరే రాష్ట్రం నుంచి వచ్చిన పెద్దాయన నాలుగో అధ్యాయం తెరిచి ఆ మూడు వాక్యాలు పైకి చదివాడు. ఈ ఇంగ్లీషు ఎందుకు దిద్దలేదని అడిగాడు.

“అది ఆమె మాట సర్. దిద్దితే నాదయిపోతది,” అని స్వరూప ఇంగ్లీషులో నెమ్మదిగా చెప్పింది. ఆయన తలూపి పేజీ తిప్పాడు.

ఆ ఒక్క మాట గ్రంథాలయంలో నేను చదివిన మూడు పుస్తకాల్లో లేదు. వాటిని తప్పుపట్టడం లేదు, ఇవాళ్టికీ వాటి మీద నాకు అంతే ప్రేమ. కానీ ఏ వాక్యాన్ని ముట్టుకోవాలో, ఎక్కడ చేతులు కట్టుకుని కూర్చోవాలో నాకు నేర్పింది ఆ పూట.

ఇప్పుడు షాపుకు వచ్చేవాళ్లు తక్కువ. అందరికీ ల్యాప్‌టాప్‌లు ఉన్నాయి, అడగకముందే సాఫ్ట్‌వేర్ దిద్దిపెడుతోంది. బైండింగ్ కోసం ఒకరో ఇద్దరో వస్తారు. వాళ్ల ఫైల్లో ఏ కూలి మనిషో, ఏ తోపుడుబండి ఆమెనో కొటేషన్ గుర్తుల మధ్య నున్నటి ఇంగ్లీషు మాట్లాడుతూ కనిపిస్తే నా చేయి ఆగిపోతుంది.

“ఆమె గిట్లనే అన్నదా?” అని అడుగుతాను.

కొందరు నవ్వేస్తారు. కొందరు మాత్రం తల దించుకుని ఫోన్‌లో రికార్డింగు వెతుక్కోవడం మొదలుపెడతారు. వాళ్లకు కుర్చీ జరిపి కూర్చోమంటాను.