బోధన్‌లో నేను పాలు పొంగించిన ఇరవై అడుగుల ఇల్లు

జక్రాన్‌పల్లిలో రోడ్డు పక్కన రెండు గుంటల స్థలాన్ని మా అమ్మ నా పెళ్లప్పుడు పసుపు కుంకుమల కింద ఇచ్చింది. "ఖాళీ జాగనే గదా, నా పేరు మీద రాసియ్యరాదు" అని మా అన్న ఏటా అడుగుతాడు. ఈసారి కాగితాలు కూడా రాయించుకొని వచ్చాడు. ఖాళీగా ఉండటమే తప్పయితే అక్కడ ఇల్లే నిలబెడదామనుకున్నాను. పునాది తీసి కట్టే స్తోమత లేదు. ఇంటి ఖర్చులో మిగిల్చిందీ, చిట్టీ ఎత్తిందీ కలిపి ఐదు లక్షలున్నాయి. బోధన్ దగ్గర రేకుతో చేసిన ఒక చిన్న ఇల్లు అమ్మకానికి ఉందని, లారీ మీద తెచ్చి దించుతారని ఫోన్‌లో చూశాను. మా ఆయన వద్దంటున్నా బయలుదేరాను.

నిజామాబాద్ బస్టాండులో తొమ్మిదింటికి బస్సెక్కాను. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు జీరో టికెట్టే. గంటకల్లా బోధన్ వచ్చింది. అక్కడి నుంచి వర్ని రోడ్డులో ఆటోకు ముప్పై రూపాయలు.

"డబ్బా ఇల్లు సూడనీకి పోతున్నవా అక్కా? ఎండకాలం అండ్ల కోడిగుడ్లు ఉడుకుతయి" అని ఆటో అతను నవ్వాడు.

"ఉడికితే నీకు కూర పంపుత. ముందు పోనియ్యి" అన్నాను.

ఇల్లు చేసిన గంగారాం ఒకప్పుడు చెరకు ట్రాలీలు చేసేవాడు. ఆ చుట్టుపక్కల చెరకు తగ్గి పొలాలు వరికి మళ్లాక ఈ పని పట్టాడు. పొడవు ఇరవై అడుగులు, వెడల్పు ఎనిమిది, ధర నాలుగున్నర లక్షలు. లోపల ఇరుకనిపించలేదు. మంచం కింద సొరుగులు, గోడకు మడిచే బల్ల, వంటగట్టు మీద స్టవ్, ఎదురుగా కిటికీ. రేకుకూ చెక్కకూ మధ్య వేడి ఆపే పొర వేశాడు. బయట ఎండ మండుతున్నా లోపల ఉక్క లేదు.

నచ్చింది. బయానాగా ముందే ఇద్దామని ఇరవై వేలు తీశాను. గంగారాం చేయి చాపలేదు.

"మీ సార్‌ను తోల్కరా అక్కా. మొగోళ్లు లేకుంట బయానా పట్టుకుంటే రేపు లొల్లయితది. పొద్దుగూకంగ ఇంకో పార్టీ గూడ వస్తున్నరు."

"పైసలు నావి, జాగ నాది. సార్‌తోని ఏం పని?"

"రివాజు గట్లుంది."

రివాజులు నాకూ తెలుసు. కొత్త ఇంట్లో ఎవరు పాలు పొంగిస్తే ఆ ఇల్లు వాళ్లదే. స్టవ్ ఎలా మండుతుందో చూడాలి, కొన్ని పాలిస్తే చాయ్ పెడతానన్నాను. ఆయన భార్య గంగామణి గిన్నెలో పాలు తెచ్చింది. పాలు అంచుదాకా లేచాయి.

"అక్కా, పొంగుతున్నయి!" అంది గంగామణి.

నేను స్టవ్ కట్టెయ్యలేదు.

పాలు గట్టు మీదికి జారాయి. గంగారాం నెత్తి పట్టుకున్నాడు. "బయానా ముట్టకముందే పాలు పొంగిస్తివేందక్కా!"

గంగామణికి నవ్వాగలేదు. "ఆమె పాలు పొంగిచ్చిన ఇల్లు ఇంకొకలకు ఎట్లమ్ముతవ్? పట్టు, బయానా పట్టు."

ఆయన ఇరవై వేలూ తీసుకున్నాడు. రసీదు నా పేరు మీదే రాయించుకున్నాను.

తిరుగు బస్సులో అన్నకు ఫోన్ చేసి చెప్పాను. "డబ్బాల ఉంటవా? నలుగురు నవ్వుతరు" అన్నాడు. "వంతులేసుకొని రమ్మను, లోపల ముగ్గురికే జాగుంది" అన్నాను. ఇన్నేళ్లూ ఆ స్థలం నాదని నోటితో చెప్పుకుంటూ వచ్చాను. ఇకమీద అక్కడొక తలుపుంటుంది, దాని తాళం చెవి నా దగ్గరుంటుంది. పెద్ద ఇల్లు కట్టేదాకా ఆగి ఉంటే ఆ స్థలమే మిగిలేది కాదు.

ఇలాంటి ఇల్లు కొనేవారు బయానాకు ముందే లారీ వచ్చే దారి వెడల్పూ, పైన కరెంటు తీగల ఎత్తూ కొలుచుకోండి. నేను కొలిచాను. అడ్డంగా ఉన్నది నా స్థలం ముందు మా అన్న పాతిన కంచె ఒక్కటే. ఆదివారం తీయిస్తున్నాను.