కొండ జరిగిన చోటు

మా తోడికోడలి గురించి చెప్పమంటే మావాళ్ళు ముందు నవ్వుతారు, తర్వాత ఆవిడ వింటోందేమోనని అటూ ఇటూ చూస్తారు. నాకా భయం లేదు. ఒకే ఇంటికి కోడళ్ళుగా వచ్చినవాళ్ళం, గని బయట, రాళ్ళు మోసుకొచ్చే ఒకే బెల్టు ముందు నిలబడి రాళ్ళు ఏరినవాళ్ళం. నేను అక్కా అంటాను, ఆవిడ నన్ను మొద్దూ అంటుంది.

మా గనిలో బంగారం, రాగి కలిసి ఉండేవి. బంగారం నగలా మెరుస్తూ బయటికి రాదు. తెల్లటి పలుగురాయిలో ఎక్కడో కంటికి ఆనని రవ్వగా ఉంటుంది. దాని పక్కనే ఇత్తడి రంగులో రాగిరాయి. కొత్తగా చేరినవాళ్ళు ఆ మెరుపు చూసి బంగారమని దాచుకుని, నలుగురిలో నవ్వులపాలయ్యేవాళ్ళు. బెల్టు మీద వచ్చే రాళ్ళన్నీ దుమ్ముకొట్టుకుని ఒకేలా ఉంటాయి. తడిపితేగాని రంగు తెలియదు. బకెట్టు దాకా ఎవరు నడుస్తారు? నాలుకతో తడిపి చూసేవాళ్ళం. అక్క నాలుకకు పదునెక్కింది అక్కడేనని మా ఆయన అనేవాడు, ఆవిడ లేనప్పుడు.

అక్క భర్త, అంటే మా బావగారు, సొరంగం తొలిచే ముఠాకు మేస్త్రీ. పలుగురాయి చార ఎటు పోతే అటు తొలుచుకుంటూ పోవడం ఆయన పని. ఒకరోజు ఆ చార ఉన్నట్టుండి ఆగిపోయింది. ఎదురుగా బూడిదరంగు బురద. దాని కుడిపక్క తొలిచారు, ఎడమపక్క తొలిచారు, ఏమీ తగల్లేదు. కంపెనీ తాళం వేసుకుని పోయింది. ఊరికి తిట్టుకోవడానికి ఒక మనిషి కావాలి కదా. "చార వంపు తిరిగిన చోట మేస్త్రీ తిరగలేదు" అన్నాడు తూటా మేస్త్రీ. రాళ్ళు పేల్చే పని ఆయనది. ఆ మాట ఊరికి అంటుకుంది. సొరంగానికి దారితప్పినోడి సొరంగమని పేరు పడిపోయింది. బావగారు ఆ పేరు వింటూనే బతికారు, వింటూనే పోయారు. అక్క ఆ దారిన నడవడం మానేసింది.

ఇన్నేళ్ళకు, చూడవచ్చేవాళ్ళ కోసం ఆ సొరంగాన్ని తెరుస్తామంది ఊరి కమిటీ. గుమ్మం ముందు పెట్టే బోర్డు మీద అదే పేరు. కమిటీ పెద్ద ఎవరనుకున్నారు, తూటా మేస్త్రీయే. అక్క సరాసరి కమిటీ గదిలోకి వెళ్ళింది, వెనకే నేను.

"ఆ పేరు తీసెయ్."

"ఊరంతా పిలిచే పేరు వదినా. నేను పెట్టానా ఏంటి?"

"నువ్వే పెట్టావ్. పుట్టడమే నోట్లో తూటా పెట్టుకుని పుట్టావ్."

"సరే, ఆయన దారి తప్పలేదని చూపించు. తీసేస్తా."

"చూపిస్తా. అప్పుడు మొహం ఎక్కడ దాచుకుంటావో ఇప్పుడే వెతుక్కో."

బయటికి వచ్చాక అడిగాను, "ఎలా చూపిస్తావక్కా?"

"నాకేం తెలుసే మొద్దూ!"

సొరంగం కప్పు గట్టిగా ఉందో లేదో చూడ్డానికి రాళ్ళ చదువు చదివిన అమ్మాయి ఒకతి వచ్చింది. అక్క బకెట్టూ బ్రష్షూ పట్టుకుని ఆ పిల్ల వెంటపడింది. బకెట్టు మోసింది మాత్రం నేను. సొరంగం చివర ఆ బూడిద బురద గోడలా అలాగే ఉంది. గనిలో మగవాళ్ళకు రాయి కానిది కంటికి ఆనదు. నీళ్ళకు కొట్టుకొచ్చిన బురద అనుకున్నారే తప్ప, ఒక్కరూ కడిగి చూడలేదు. ఆడవాళ్ళను లోపలికి రానివ్వలేదు గాని, ఆ రోజే కడిగి పారేసేవాళ్ళం.

అమ్మాయి ఆ బురదను వేళ్ళతో నలిపింది, చిటికెడు పంటికింద వేసుకుంది.

"మన పిల్లే" అంది అక్క నా చెవిలో.

"ఇది బురద కాదు పెద్దమ్మా, నలిగి పిండైన రాయి. కడగండి చూద్దాం."

అక్క కడిగింది. బురద జారేకొద్దీ వెనక అద్దంలాంటి నున్నటి బండ బయటపడింది. బరువైన బీరువాను నేలమీద ఈడ్చినట్టు దానినిండా కిందినుంచి పైకి గీతలు. తెల్లటి చార ఆ బండ దాకా వచ్చి, కత్తితో కోసినట్టు తెగిపోయింది.

"కొండ ఇక్కడ పగిలి జరిగింది పెద్దమ్మా. ఆ రాపిడికే రాయి పిండైంది. అవతలి ముక్క చారతో సహా పైకి లేచింది. లేచిందంతా వానలకు అరిగి ఏట్లో కలిసిపోయి ఉంటుంది. ఇక కుడికి పోతే ఏముంది, ఎడమకు పోతే ఏముంది? మీ ఏటి ఇసుకలో బంగారు రవ్వలు దొరికేవా?"

"మా అత్తగారు పళ్ళెంలో ఇసుక కడిగి తీసేది" అన్నాను.

"అయితే మీ చార మిగతా సగం అదే."

అక్క ఆ గీతల మీద చెయ్యి ఆనించి నిలబడింది. "అంటే, దారి తప్పింది ఆయన కాదు."

"కాదు పెద్దమ్మా. కొండ."

సాయంత్రంలోగా అక్క ఊరినంతా సొరంగంలోకి తోలుకొచ్చింది. తూటా మేస్త్రీ కర్ర ఊనుకుంటూ ముందుకొచ్చాడు. అక్క దీపం పట్టింది. ఆయన ఆ బండను అరచేత్తో తడిమి తడిమి చూశాడు.

"ఇంత నునుపు ఏ తూటాకూ రాదు" అన్నాడు చివరికి. "ఒప్పుకున్నా వదినా."

"నాకు కాదు, వాళ్ళకు చెప్పు."

ఆయన ఊరివైపు తిరిగాడు. "మేస్త్రీ దారి తప్పలేదు! నా నోరే తప్పింది!" అని అరిచాడు. సొరంగం ఆ మాటను గుమ్మం దాకా మోసుకుపోయింది. చప్పట్లకు కప్పు నిలబడిందంటే గట్టిదే అన్నమాట.

ఇప్పుడు బోర్డు మీద "కొండ జరిగిన చోటు" అని ఉంది, దాని కింద బావగారి పేరు. వచ్చినవాళ్ళకు అదంతా వివరించే పనిని అక్క తూటా మేస్త్రీకే అప్పగించింది. తను ఆ బండ పక్కనే కుర్చీ వేసుకుని వింటుంది. ఆయన ఎక్కడైనా తొందరపడి దాటెయ్యబోతే చాలు, "ఆగాగు, పాత పేరు ఎవరు పెట్టారో కూడా చెప్పు" అంటుంది.

ఆయన చెప్తాడు, రోజూ.