అమావాస్య నాడు వినేదెవరు

గ్రంథాలయంలో ఎంత చదివినా తట్టని ప్రశ్న ఒకటి రైల్లో ఎదురైంది. మరిచిపోకముందే రాసిపెడుతున్నాను.

మా ధర్మవరం పట్టుచీరల సంఘం డిజైన్లన్నీ కంప్యూటర్లలోనే ఉన్నాయి. వాటికి కాపలాగా రెండు సాఫ్ట్‌వేర్లలో ఏది కొనాలో ఆ సాయంత్రమే నేను సంఘానికి చెప్పాలి. హిందూపురం నుంచీ కుదురు లేక, ఎదుటి సీటామెకు రెండింటినీ వివరించాను.

"దొంగ ప్రోగ్రాం చొరబడితే ఒకటి మనకు చెప్పి ఊరుకుంటాది. రెండోది ఆ కంప్యూటర్‌ను తనే మిగతావాటినుంచి విడదీస్తాది. మొదటిదే మేలు, నిర్ణయం మనదే గదా."

పెనుకొండలో దిగబోతూ ఆమె అడిగింది. "అమావాస్యకు మగ్గాలు ఆపుతారు గదప్పా. ఆ పొద్దు ఆఫీసులో వినేదెవురు?"

"తాళం వేసుంటాది."

"అయితే తాళానికి చెప్తాదిలే!"

రెండోదే కొనిపించాను. అయినా అది దేన్నైనా విడదీసిందేమో చూసేందుకు ప్రతి అమావాస్యకూ ఆఫీసుదాకా ఓసారి పోయొస్తాను.

పుస్తకాలు వెతికిచ్చిన రమణమ్మగారికి, రెండింటినీ నడిపి చూపిన ఖాదర్‌కు కృతజ్ఞతలు. రైల్లో ఎదుటి సీటామె పేరు అడగలేదు.