లోపలి తెలుపు

ఈ సంగతి ఇన్నాళ్లూ రాయలేకపోవడానికి కారణం నాకు అక్షరాలు రాకపోవడం ఒక్కటే కాదు. చెప్పి రాయించుకుందామన్నా, మా ఇంట్లో రాయడం వచ్చిన ఆడమనిషి మా తోడికోడలు ఒక్కతే. రాయవలసిందేమో ఆమె మీద నాకున్న కుళ్లు గురించి. తల నెరిశాక మనవరాలి పక్కన కూర్చుని అక్షరాలు దిద్దుకున్నాను కనుక, ఇప్పుడు ఎవరినీ అడగకుండా రాస్తున్నాను.

మాది పటాన్‌చెరు దగ్గర లక్డారం. ఆమె నా మరిది భార్య. పచ్చటి మనిషి, తెల్లటి ఒళ్లు. నేను నలుపు. కాపురానికి వచ్చిన రోజే మా అత్తమ్మ వాడకట్టు ఆడవాళ్లను పిలిచి ఆమె చేతులు పట్టి చూపించింది. నేను వచ్చినప్పుడు కూడా నా చేతులు పట్టి చూసింది, పని చేయగలనా లేదా అని.

ఆమె పదో తరగతి చదివింది. పటాన్‌చెరులో మందుల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ పనికి పోయేది. డ్యూటీకి ఆలస్యమవుతుందని అందరికంటే ముందు, వేడివేడిగా తినేది. నాకు మిగిలింది అన్నం గిన్నె. బియ్యం కొలిచేది నేను, వడ్డించేది నేను, అందరూ తిన్నాక అడుగున ఉన్నది ఊడ్చుకుని తినేది నేను. మాలో గిన్నె ఎవరు ఊడుస్తారో ఇల్లు వాళ్ల చేతిలో ఉన్నట్టు లెక్క. అందుకే ఎంత మిగిలినా వదిలేదాన్ని కాదు. ఆకలి లేకపోయినా తినేదాన్ని.

ఒకసారి ఆమెకు తిన్న తరువాత కడుపులో నొప్పి మొదలైంది. డాక్టరు స్కానింగ్ చేయించమన్నాడు. ఇల్లంతా పరేషాన్. నాకు కుడి పక్కటెముకల కింద బరువు ఎన్నాళ్లనుంచో ఉంది. చెబితే అత్తమ్మ, "గ్యాసే. జెర వాము నములు" అనేది. ఆమె నొప్పికి స్కానింగ్, నా నొప్పికి వాము. ఆమెకు తోడుగా నన్ను పొమ్మన్నారు. పరగడుపున రమ్మన్నారట. ఆ పొద్దున నేనూ ఏమీ తినలేదు. ఎందుకో ఎవరికీ చెప్పలేదు.

పటాన్‌చెరుకు స్కానింగ్ అప్పుడప్పుడే వచ్చింది. చీకటి గదిలో డాక్టరమ్మ ఆమె పొట్ట మీద చల్లటి జిగురు రాసి, చేతిలోని పరికరంతో ఒత్తుతూ తెర చూసింది.

"ఇది కాలేయం, పక్కన కిడ్నీ. రెండూ దాదాపు ఒకే రంగులో ఉన్నాయి. రాళ్లు కూడా లేవు. ఏం ఫర్వాలేదు, లే అమ్మా."

ఆమె దిగీ దిగకముందే నేను బల్ల ఎక్కాను.

"నాకు గూడ సూడుండ్రి మేడం. నాకు గూడ నొస్తది."

"గదేందక్కా, ఇంట్ల చెప్పలేవు?"

"నేను చెప్తె ఎవలిన్నరే?"

ఊపిరి బిగబట్టమంది డాక్టరమ్మ. బిగబట్టి మెడ తిప్పి చూశాను. తోడికోడలి కాలేయం నల్లగా, ముసురు పట్టిన ఆకాశంలా కనిపించింది. నాది పాలు ఒలికినట్టు తెల్లగా మెరుస్తోంది. పక్కనున్న కిడ్నీ దాని ముందు బొగ్గులా ఉంది. నా జన్మలో అంత సంతోషం ఎప్పుడూ కలగలేదు.

"సూసినవానే? లోపల నేనే తెల్లగున్న" అన్నాను.

"ఉండు ఉండు, లోపల జూసి ఎవలన్న పిల్లను చేస్కుంటరా అక్కా?" అని నవ్వింది.

డాక్టరమ్మ నవ్వలేదు. "తెల్లగా ఉండకూడదమ్మా. అదంతా కాలేయానికి పట్టిన కొవ్వు."

"కల్లు గూడ ముట్టనోళ్లకు కాలేయం ఎట్ల చెడుతది మేడం?" అన్నాను.

"తాగనివాళ్లకూ వస్తుంది. రాత్రి ఎప్పుడు తింటావు? ఎంత తింటావు?"

నేను నోరు తెరవకముందే తోడికోడలు చెప్పేసింది. "అందరు తిన్నంక మిగిలిందంత అక్కనే తింటది మేడం. మెతుకు వదలది."

నా మంచికే చెప్పిందేమో. నాకు మాత్రం చెంప మీద కొట్టినట్టయింది.

"ఇప్పుడైతే తగ్గించుకోవచ్చు. ఇలాగే వదిలేస్తే కాలేయం గట్టిపడిపోవచ్చు, అప్పుడు చేయగలిగింది తక్కువ. పెందలాడే తిను. మిగిలిందని తినకు. రోజూ నడువు" అంది డాక్టరమ్మ.

ఆటోలో ఇల్లు చేరేదాకా ఆమె వైపు చూడలేదు. తెలుపు కూడా ఆమెకైతే అందం, నాకైతే రోగం.

సాయంత్రం అత్తమ్మకు సంగతి చెప్పగానే ఆమె అడిగిన మొదటి మాట, "మరి గిన్నెల మిగిలింది ఎవలు తినాలె? పారేస్తె ఇంట్ల బర్కత్ ఉంటదా?"

"నేను తింట అత్తమ్మా. ఇగ నుంచి అక్కను ముందుగాల తిననియ్యి. గిన్నె నేను సూసుకుంట" అంది తోడికోడలు.

అత్తమ్మ ఆమెను మెచ్చుకోలుగా చూసింది. రంగు ఆమెదే, చదువు ఆమెదే, మంచి కాలేయం ఆమెదే. ఇప్పుడు నా గిన్నె కూడా. తింటే కాలేయం గట్టిపడుతుంది, తినకపోతే ఇల్లు చేయి జారుతుంది. పొద్దు గుంకకముందే ఒక జొన్నరొట్టె తిన్నాను. రాత్రి అందరికీ వడ్డించి, మిగిలిన అన్నం మీద మూత పెట్టి, "ఎవ్వరు ముట్టకుండ్రి" అని చెప్పి పడుకున్నాను.

మర్నాడు పొద్దున ఆ అన్నం బర్రె కుడితిలో కలిపేసి గిన్నె నేనే తోమాను. బియ్యం కొలిచాను. ఎవరైనా వస్తారేమోనని రోజూ పైన రెండు పిడికిళ్లు వేసేదాన్ని. ఆ రోజు వేయలేదు. కొలిచినదాంట్లోంచే ఒక పిడికెడు తీసి సంచిలో పోశాను. చూసి, ఇంకో పిడికెడు తీశాను.

డ్యూటీకి తయారై వచ్చిన తోడికోడలు గుమ్మంలో ఆగి చూసింది.

"గిట్లయితె ఏం మిగలది గదక్కా."

"మిగలొద్దు" అని, ఎసట్లో బియ్యం పోశాను.