మా ఇంట్లో గొంతు ఆగలేదు

ఆ రోజుల్లో డెట్రాయిట్ చుట్టుపక్కల తెలుగువాళ్ల ఇంటికి భోజనానికి వెళితే, పెరుగన్నం తిని చెయ్యి కడుక్కున్న మగవాళ్లకి ఇంకో ఘట్టం మిగిలి ఉండేది. ఇంటాయన గొంతు సవరించుకుని, "అలా కిందికి వెళ్దామా?" అనేవాడు. కింద అంటే బేస్‌మెంటు. అక్కడ గోడకి ఆనించి, మనిషి నడుమెత్తు స్పీకర్లు రెండు, వాటి మధ్య దీపాలు వెలిగే స్టీరియో. మెత్తటి ముఖమల్ బట్టతో రికార్డు దుమ్ము తుడిచి, సూదిని దాని మీద దించి, ఆయన అతిథుల మొహాల్లోకి చూస్తూ కూర్చునేవాడు. మనం వినాల్సింది పాట కాదు, ఆయన స్పీకర్లలో వూఫర్ మోత. ఎనభైల మొదట్లో మా ఊళ్లో మనిషి గౌరవం కారుతో మొదలై స్పీకర్లతో పూర్తయ్యేది. పగలంతా కార్లలో చప్పుడు ఎలా తగ్గించాలా అని తల బద్దలు కొట్టుకునే ఇంజనీర్లు, సాయంత్రం ఇంటికొచ్చి చప్పుడు ఎలా పెంచాలా అని అంతకన్నా ఎక్కువ శ్రమపడేవాళ్లు. పైన వంటింట్లో అద్దాల బీరువాలోని గ్లాసులు గజగజలాడేవి. "మొదలెట్టారమ్మా," అనుకుంటూ ఆడవాళ్లు వాటిని చేత్తో పట్టుకుని కబుర్లు చెప్పుకునేవాళ్లు.

నాకప్పుడు పందొమ్మిదేళ్లు. డెట్రాయిట్ పక్కన నోవైలో అమ్మానాన్నలతో ఉంటూ కాలేజీకి వెళ్లేవాణ్ని. శని ఆదివారాలు ఒక రికార్డుల షాపులో పని. (నాన్న దృష్టిలో అది పని కాదు, కౌంటరుకి అవతల నిలబడి చెడిపోవడం.) షాపాయన తల్లిదండ్రులు జమైకా నుంచి ఇంగ్లండుకి వలస వెళ్లినవాళ్లు. ఈయన బర్మింగ్‌హామ్‌లో పుట్టి పెరిగి, అమెరికా అమ్మాయిని పెళ్లాడి మా మిషిగన్ మంచులో వచ్చి పడ్డాడు. షాపంతా అందరూ కొనే రాక్ సంగీతమే ఉన్నా, కిటికీ పక్కన ఒక మూల మాత్రం ఆయన సొంతం. అందులో వాళ్ల జమైకా సంగీతం, రెగే రికార్డులు ఉండేవి. ఆ మూలకి వచ్చేవాళ్లం ఇద్దరమే, ఆయనా నేనూ.

ఆ శరదృతువులో లండన్ నుంచి ఒక అట్టపెట్టె దిగింది. డెబ్బైలలో అక్కడి జమైకా కుర్రాళ్లు చేసిన ఒక రెగే రికార్డు, దాని డబ్ రూపంలో. మొదట కొద్ది కాపీలే వేశారట. అవి అయిపోయి ఎక్కడా దొరక్కుండా పోతే ఇప్పుడెవరో మళ్లీ అచ్చు వేశారట. పొదుపు కోసం కాబోలు, అట్ట మీద బొమ్మ కూడా లేదు. తెల్లటి అట్ట, మధ్యలో గుండ్రటి చిల్లు, అంతే. డబ్ అంటే ఏమిటో తెలియనివాళ్ల కోసం చెబుతాను. ముందు పాటను మామూలుగా రికార్డు చేస్తారు. తర్వాత మిక్సింగ్ బల్ల ముందు కూర్చున్నవాడు ఆ పాటను విప్పేస్తాడు. గాయకుణ్ని ఒక లైను పాడనిచ్చి, కాలర్ పట్టుకుని బయటికి లాగేస్తాడు. బేస్ గిటారూ డ్రమ్సూ మాత్రం ఖాళీ ఇంట్లో నడుస్తున్నట్టు నడుస్తూ ఉంటాయి. ఎక్కడో దూరాన గిటారు ఒక్కసారి చిటుక్కుమని, ఆ చిటుకు నాలుగు గోడలకీ కొట్టుకుని చల్లారిపోతుంది. మనం గాయకుణ్ని మరిచిపోయే వేళకి మళ్లీ ఒక్క మాట వినబడుతుంది. ఆ బేస్ చెవితో వినేది కాదు, పొట్టతో వినేది. నేను మొదటిసారి విని, కౌంటరు దగ్గర నిలబడ్డ మనిషికి చిల్లర ఇవ్వడం మరిచిపోయాను.

కాని పెట్టె కదల్లేదు. ఒకరోజు షాపాయన దాన్ని కాలితో మెల్లగా పక్కకి తోసి, "ఏడాది చివరికి ఇవి పోకపోతే ఈ మూల తీసేస్తానోయ్. వీడియో క్యాసెట్లు పెట్టమంటోంది మా ఆవిడ," అన్నాడు. మూల పోతే కొత్త రికార్డులు రావు. ఈ దేశంలో ఈ సంగీతానికి నాకు తెలిసిన ఒకే ఒక తలుపు మూసుకుపోతుంది. అలాంటి ఆపదలో ఉండగా షాపులోకి బ్రేకుల అంకుల్ వచ్చారు. ఆయన కారు బ్రేకుల ఇంజనీరు. మాటల్లో మాత్రం బ్రేకులు ఉండేవి కావు.

"ఏరా, కొత్త స్పీకర్లు తీసుకున్నాను. ఆదివారం అందరినీ పిలిచాను. వాటి పవర్ చూపించే రికార్డు ఏదైనా ఉందా?"

నా చెయ్యి దానంతటది తెల్ల అట్ట మీదికి వెళ్లింది. "ఉంది అంకుల్. కాని ఇది పాటల రికార్డు కాదు. స్పీకర్లు టెస్ట్ చెయ్యడానికి లండన్‌లో స్పెషల్‌గా చేసింది."

"బొమ్మ కూడా లేదేమిటి?"

"టెస్ట్ రికార్డుకి బొమ్మెందుకు అంకుల్?"

ఇంజనీరుకి ఆ జవాబు నచ్చింది. కొనేశారు. ఆ సాయంత్రం షాపుకి ఫోన్ వచ్చింది.

"ఏరా, ఇందులో మధ్యలో గొంతు ఆగిపోతోందేమిటి?"

రికార్డు వెనక్కి వస్తుంది, ఊరంతా తెలుస్తుంది, మూల పోతుంది. అంత భయంలో నోటికొచ్చింది అనేశాను. అనేటప్పుడు గొంతులో కాస్త జాలి కూడా కలిపాను. "ఆగిందా అంకుల్? అయ్యో. సిస్టమ్‌కి పవర్ చాలకపోతే అలా అవుతుందట. బాగా స్ట్రాంగ్ సిస్టమైతే అసలు ఆగదట."

"లేదులే, ఆగలేదు," అన్నారు బ్రేకుల అంకుల్. "ఊరికే అడిగాను."

ఆ ఆదివారం ఆయన ఇంట్లో ఏం జరిగిందో నాన్న వచ్చి చెప్పారు. రికార్డు వెయ్యలేదట. సూది అరిగిందన్నారట. కాని లండన్ టెస్టులో తన సెట్టు ఎలా నెగ్గిందో గంటసేపు వర్ణించారట. మరుసటి శనివారం షాపు తలుపు తీసేసరికి ముగ్గురు అంకుల్స్ చలిలో చేతులు రుద్దుకుంటూ నిలబడి ఉన్నారు. ఒకరికొకరు కనబడనట్టు నటిస్తున్నారు. ఒక్కొక్కరూ ఒక్కో తెల్ల అట్ట కోటు కింద పెట్టుకుని వెళ్లారు. తర్వాత ఫోన్లు. అందరిదీ ఒకే ప్రశ్న, నాది ఒకే జవాబు, చివరికి అందరిదీ ఒకే మాట: "మా ఇంట్లో ఆగలేదులే." అక్కణ్నుంచి ఊళ్లో ఎవరూ ఎవరినీ బేస్‌మెంట్లోకి పిలవలేదు. ఒకరికి రికార్డు ప్లేయర్ బెల్టు వదులైంది, ఒకరికి ఫ్యూజు పోయింది. వంటింట్లో గ్లాసులు ఊపిరి పీల్చుకున్నాయి. పెట్టె ఖాళీ అయింది. షాపాయన నా భుజం తట్టి, "మీవాళ్లకి ఎంత మంచి చెవులు!" అన్నాడు. ఇంకో పెట్టెకి ఆర్డరు పెట్టాడు.

ఇక్కడితో ఆగి ఉంటే ఇది నలుగురిలో చెప్పుకుని నవ్వుకునే కథ. ఆగలేదు, ఎందుకంటే ఊళ్లో అబద్ధం చెప్పడం చేతకాని మనిషి ఒకాయన ఉన్నారు. ఆయన్ని పిల్లలందరం ఆంప్లిఫైయర్ అంకుల్ అనేవాళ్లం. డ్రాఫ్ట్స్‌మన్ ఉద్యోగం. రెండు చలికాలాలు కూర్చుని తన చేతులతో ఒక ఆంప్లిఫైయర్ కట్టుకున్నారు. ఆడపిల్లలిద్దరి తండ్రి, దాన్ని మాత్రం "మా పెద్దాడు" అనేవారు. ఉగాదికీ దీపావళికీ మా తెలుగు అసోసియేషన్ ఫంక్షన్లలో మైకులన్నీ పెద్దాడికే తగిలించేవారు. చెక్కపెట్టె ఒళ్లో పెట్టుకుని కారులో ముందు సీట్లో ఆయన, డ్రైవింగ్ సీట్లో ఆంటీ. ఆయన కూడా నా దగ్గర రికార్డు కొన్నారు. ఆ తర్వాత ఒక పుట్టినరోజు పార్టీలో అందరూ ఎవరి సెట్టు గురించి వాళ్లు చెప్పుకుంటుంటే, ఆయన సమోసా పక్కన పెట్టి, "నా దాంట్లో ఆగిపోతోందండీ," అన్నారు. "రెండో పాటలో ఒక్క లైను పాడగానే మనిషి లేచి వెళ్లిపోతున్నాడు."

గది చల్లబడింది. "అయ్యో," అన్నారు బ్రేకుల అంకుల్. చావు కబురు విన్నవాళ్లలా అందరూ తలలు ఆడించారు. వారం తిరక్కుండా అసోసియేషన్ ప్రెసిడెంటుగారు ఆయనకి ఫోన్ చేసి, "ఈ దీపావళికి మీరు రెస్ట్ తీసుకోండి. సౌండ్ సిస్టమ్ బయట రెంటుకి తెస్తున్నాం," అన్నారు.

అమ్మ ఏదో గిన్నె తిరిగి ఇచ్చి రమ్మంటే వాళ్లింటికి వెళ్లాను. తలుపు తీస్తూనే ఆంటీ, "మీ అంకుల్ ఆఫీస్ నుంచి రావడం, కిందికి దిగడం. అన్నం కూడా అక్కడికే తీసుకెళ్లమంటున్నారు. నువ్వయినా చెప్పరా," అంది. మెట్లు దిగాను. పెద్దాడి పైకప్పు తీసేసి ఉంది. తీగలు, పార్టులు పాత చీర మీద వరసగా పరిచి ఉన్నాయి. పక్కన స్టీరియో దుకాణం నుంచి అరువు తెచ్చిన ఇంకో ఆంప్లిఫైయర్‌తో రికార్డు తిరుగుతోంది. అంకుల్ కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని నావైపు తిరిగారు.

"దీంట్లోనూ ఆగిపోతోందిరా. ఇది చిన్నది, పవర్ లేదనుకో. నువ్వు షాపులో రోజూ వింటావుగా. మీ షాపులో ఆగుతుందా?"

అంత సూటిగా నన్నెవరూ అడగలేదు. ఒక్క "ఆగుతుంది" చాలు. కాని ఆయన నోట్లో ఏదీ దాగదు. మర్నాటికి ఊరంతా తెలుస్తుంది, రికార్డులన్నీ వెనక్కి వస్తాయి, దారిలో ఉన్న కొత్త పెట్టె షాపాయన నెత్తిన పడుతుంది. నేను ఆ పాత చీర వైపు చూస్తూ, "ఆగదు అంకుల్," అన్నాను.

ఆయన తలూపి కళ్లజోడు కిందికి దించుకున్నారు.

దీపావళి ఒక హైస్కూల్ ఆడిటోరియంలో. రెంటుకి తెచ్చిన స్పీకర్లు స్టేజీకి రెండువైపులా బీరువాల్లా నిలబడ్డాయి. ఈసారి సౌండ్ బాధ్యత బ్రేకుల అంకుల్‌ది. ఇంత పెద్ద సిస్టమ్‌లోనైనా గొంతు ఆగకుండా వింటానని ఆశపడ్డారేమో, ప్రోగ్రాం మొదలుకాక ముందే రికార్డు పెట్టించారు. బేస్ మొదలైంది. ముందు వరసలో పట్టుచీరలు కదిలాయి. గాయకుడు ఒక లైను పాడాడు. ఆగిపోయాడు.

అంకుల్స్ అందరూ ఒకేసారి తమ బూట్ల వైపు చూసుకున్నారు. బ్రేకుల అంకుల్ సిస్టమ్ తెచ్చిన కుర్రాడి మీద కేకలేస్తున్నారు. అప్పుడు వెనక వరసలోంచి ఆంప్లిఫైయర్ అంకుల్ లేచారు. "ఉండండి, ఇప్పుడు గిటారు ఒక్కసారి," అన్నారు. గిటారు ఒక్కసారి చిటుక్కుమంది. "ఇప్పుడు మనిషొస్తాడు." వచ్చాడు. "రెండు మాటలే. పోయాడు చూడండి." పోయాడు. అలా వేలు ఊపుతూ, ముందే చెబుతూ నడుచుకుంటూ వచ్చేశారు. పిల్లలు ఆయన వెనక ఊగుతూ బయల్దేరారు. స్టేజీ దగ్గరికి వచ్చి స్పీకర్ మీద చెయ్యి వేసి, "మా ఇంట్లోనూ అచ్చం ఇక్కడే. లోపం సెట్టులో లేదండీ. రికార్డే ఇంత," అన్నారు. తర్వాత బ్రేకుల అంకుల్ వైపు తిరిగి, నిజంగానే తెలియక అడిగారు. "మరి మీ ఇంట్లో ఆగలేదన్నారు?"

"మాది జపాన్ సెట్టండీ," అన్నారు బ్రేకుల అంకుల్.

"మాదీ ఆగలేదు," అన్నాడు ఇంకొకాయన. ఇంకా ఇద్దరు తలూపారు.

నేను తెర పక్క నుంచి జారుకుని కార్ పార్కింగ్‌లో తేలాను. కోటు కూడా లోపలే ఉండిపోయింది. కాసేపటికి ఆంప్లిఫైయర్ అంకుల్ దాన్ని తెచ్చి నా మీద కప్పారు.

"షాపులో ఆగదన్నావు."

"ఆగుతుంది అంకుల్."

మొత్తం చెప్పేశాను. పెట్టె, మూల, వీడియో క్యాసెట్లు, ఫోన్లు. ఆయన నవ్వుతారో కొడతారో తెలియలేదు. ఫోన్ల దగ్గర నవ్వారు కూడా. "ఊరికే అడిగానన్నాడా!" అని కళ్లు తుడుచుకున్నారు. తర్వాత, "పెద్దాణ్ని విప్పేశానురా," అన్నారు. "ట్రాన్స్‌ఫార్మర్ పనికిరాదనుకుని ఎవరికో ఇచ్చేశాను." హాలు వైపు చూపించి, "లోపలికెళ్లి ఈ మాట మైకులో చెప్పు. నా కోసం కాదు, వాడి కోసం," అన్నారు.

వెళ్లాను. మైకు పట్టుకున్నాను. ముందు వరసలో నాన్న. ఆయన వెనక అంకుల్స్ అందరూ, మొహాల్లో ఒకే వేడుకోలు. నేను నిజం చెబితే నేనొక్కణ్నే కాదు, ఆ వరసంతా అబద్ధాలకోరు అవుతుంది. నోరు తెరిచాను. "అందరికీ దీపావళి శుభాకాంక్షలు," అన్నాను. హాలంతా చప్పట్లు. అంత గట్టిగా అసోసియేషన్‌లో ఎవరికీ కొట్టి ఉండరు. వెనక తలుపు దగ్గర ఆంప్లిఫైయర్ అంకుల్ చేతులు కట్టుకుని నిలబడి, తల అడ్డంగా ఊపుతూ నవ్వుతున్నారు.

ఆ నవ్వు నన్ను ఇన్నేళ్లూ వదల్లేదు. ఆయన మళ్లీ ఆంప్లిఫైయర్ కట్టలేదు. షాపులో దొరికే మామూలు సెట్టు ఒకటి కొనుక్కున్నారు. కాని విచిత్రం ఏమిటంటే, లోపం వెతకడానికి వినీ వినీ, ఊరంతటిలో ఆ సంగీతాన్ని నిజంగా విన్నది ఆయనొక్కరే అయ్యారు. శనివారాలు షాపుకి వచ్చేవారు. "ఆ మనిషి లేనప్పుడే బాగుందిరా. కొత్తదేమైనా వచ్చిందా?" అని మూల దగ్గర మా ఇద్దరి పక్కన నిలబడేవారు. నేను చేసినదాని గురించి మళ్లీ ఎత్తలేదు. (ఎత్తి ఉంటే నాకు తేలికయ్యేది. ఆ సంగతి ఆయనకి తెలుసనే నా అనుమానం.)

మా అసోసియేషన్‌లో పాతవాళ్లు ఇప్పటికీ, "ఆయన కట్టిన ఆంప్లిఫైయర్ గొంతుని మింగేసేదండీ," అని చెప్పుకుంటారు. అంకుల్ ఇప్పుడు లేరు. అందుకని ఆ రోజు మైకులో చెప్పాల్సింది ఇప్పుడు రాస్తున్నాను. పెద్దాడు ఒక్క అక్షరం కూడా మింగలేదు. ఉన్నది ఉన్నట్టు వినిపించాడు. అలా వినిపించిందని ఒప్పుకున్నది కూడా ఊరంతటిలో ఆ ఇల్లొక్కటే. ఇక ఆ కౌంటరు వెనక నిలబడ్డ పందొమ్మిదేళ్లవాడు ఇప్పుడు నాకు దొరికితే ముందు చెవి మెలిపెడతాను. తర్వాత, వాడు చెవి రుద్దుకుంటూ ఉండగా, కొత్త పెట్టెలో ఏం వచ్చాయో చూపించమంటాను.